మూలపడిన పామ్ త్రీఎక్స్‌ఈ మళ్లీ బతుకుతుందా, బతికితే దేనికి పనికొస్తుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. పర్లాకిమిడిలో ఇల్లు సర్దుతుంటే అటక మీద డబ్బాలో మీ బాబాయి అప్పట్లో అమెరికా నుంచి తెచ్చుకున్న పామ్ త్రీఎక్స్‌ఈ, అంటే నంబర్లూ నోట్సూ రాసుకునే అరచేతి కంప్యూటర్, దొరికింది. పక్కన దాన్ని కంప్యూటర్‌కి కలిపే స్టాండు, క్రాడిల్, ఉంది, సాఫ్ట్‌వేర్ సీడీ లేదు. కొత్త సెల్స్ వేసి బటన్ నొక్కితే స్క్రీన్ మీద ఏమీ రాలేదు. ఇది బాగవుతుందా, బాబాయి రాసుకున్న నంబర్లూ నోట్సూ తీయొచ్చా, తెలుగు వస్తుందా, ఫోన్ చూడటం తగ్గించుకోవడానికి దీన్ని రోజూ వాడొచ్చా, ఏదీ కాకపోతే అమ్మితే ఏమైనా వస్తుందా అని అడిగావు.

సూటిగా చెప్తాను. బాగయ్యే అవకాశం ఎక్కువే. త్రీఎక్స్‌ఈ గట్టి పిండం. అందులో ఉబ్బిపోయే లిథియం బ్యాటరీ లేదు, తిరిగే డిస్కు లేదు, ఫ్యాను లేదు, టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్స్ రెండు వేస్తే నడిచే సరుకు. బాబాయి రాసుకున్నది మాత్రం ఆ మెషీన్‌లో లేదు, సెల్స్ పూర్తిగా అయిపోయినప్పుడే అది పోయి ఉంటుంది, అయితే వేరే చోట దొరికే దారి ఒకటుంది, కింద చెప్తాను. తెలుగు రాదు. రోజూ వాడొచ్చు, నేను వాడుతూనే ఉన్నాను, కాకపోతే ఫోన్‌కి బదులుగా కాదు, జేబులో పెట్టుకునే చిన్న నోటుపుస్తకానికి బదులుగా. అన్నిటికంటే ముఖ్యం, అందులో ఒక్క అక్షరం రాసే ముందే బ్యాకప్ తీసే ఏర్పాటు చేసుకో. చాలామంది స్క్రీన్ వెలగగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

నేను బరంపురంలో రిపేర్ షాపు నడుపుతాను. ఒకప్పుడు రేడియోలు, కాలిక్యులేటర్లు, ఆ తర్వాత యూపీఎస్‌లు, ఇప్పుడు ఎక్కువగా ఫోన్ బోర్డులు. ఈ చేతి కంప్యూటర్ల పిచ్చి నాకు మొదట్నుంచీ ఉంది కాబట్టి ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా ఎవరికి ఇలాంటిది దొరికినా నా దగ్గరికే వస్తుంది. కాబట్టి పుస్తకంలో చదివింది కాదు, బల్ల మీద చూసిందే రాస్తున్నాను.

ముందు డేటా సంగతి. ఈ తరం పామ్‌లలో నువ్వు రాసుకున్నదంతా ర్యామ్‌లో ఉంటుంది. నీ మోడల్‌లో అది 8 ఎంబీ. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే విడిగా 2 ఎంబీ ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది, అది కరెంటు లేకపోయినా చెరగదు. అందుకే ఇన్నేళ్ల తర్వాత సెల్స్ వేసినా మెషీన్ కొత్తదానిలా లేచి స్వాగతం చెప్తుంది, లోపల మాత్రం ఖాళీ. ఆఫ్ చేశాం అనుకున్నప్పుడు కూడా ర్యామ్ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది, సెల్స్ చచ్చాక దాన్ని ఏ దేవుడూ కాపాడలేడు. డేటా రికవరీ చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు.

ఇక ఆ దారి. పామ్ వాడినవాళ్లలో చాలామంది దాన్ని క్రాడిల్‌లో పెట్టి కంప్యూటర్‌తో హాట్‌సింక్ చేసేవాళ్లు. అలా చేసిన ప్రతిసారీ అడ్రసులు, క్యాలెండర్, మెమోలు ఆ కంప్యూటర్‌లోకి కాపీ అయ్యేవి. మీ బాబాయి ఏ కంప్యూటర్ వాడేవాడో కనుక్కో. ఆ పాత సీపీయూ ఇంట్లో ఏ మంచం కిందో ఉంటే దాన్ని పాత ఇనప సామాన్లవాడికి వెయ్యకుండా హార్డ్ డిస్కు విప్పి, ఐడీఈ (పాత డిస్కుల కనెక్షన్ రకం) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో నీ లాప్‌టాప్‌కి తగిలించు. సి డ్రైవ్‌లో పామ్ అని ఒక ఫోల్డర్, దాని లోపల మీ బాబాయి పేరుతో ఇంకో ఫోల్డర్, అందులో అడ్రస్, డేట్‌బుక్, బ్యాకప్ లాంటి పేర్లు కనిపిస్తే నీ అదృష్టం బాగున్నట్టే. ఆ ఫోల్డర్ మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చేసి దాచు, తర్వాత పామ్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో తెరవొచ్చు. సోంపేట నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారికి ఇలాగే పాత విద్యార్థుల అడ్రసులన్నీ దొరికాయి. ఆయన తెచ్చిన పామ్ బోర్డుని మాత్రం చిలుము పూర్తిగా తినేసింది, దాన్ని ఏమీ చేయలేకపోయాం, ఆయనకి దాని గురించి చింత కూడా లేదు.

ఇప్పుడు మెషీన్. సెల్స్ వేసినా ఏమీ రాలేదన్నావు. స్క్రూడ్రైవర్ తీసే ముందు ఎడమ పక్క అంచున చిన్న పళ్ల చక్రం ఉంటుంది చూడు. అది కాంట్రాస్ట్. డబ్బాలో కదిలి కదిలి అది ఒక కొసకి తిరిగిపోతే, మెషీన్ ఆన్ అయి ఉన్నా స్క్రీన్ తెల్లగా కనిపిస్తుంది. చచ్చిపోయిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో కొన్ని ఈ చక్రం తిప్పగానే లేచి కూర్చున్నాయి, నేను డబ్బులు కూడా తీసుకోలేదు. బటన్ నొక్కి, చక్రాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా మెల్లగా తిప్పు.

దానికీ రాకపోతే రీసెట్. వెనక పక్క ఒక చిన్న రంధ్రం ఉంటుంది. స్టైలస్, అంటే స్క్రీన్ మీద రాసే పుల్ల, పైభాగం మర తిప్పితే ఊడుతుంది, లోపల సన్న పుల్ల ఉంటుంది, అది ఈ రంధ్రం కోసమే పెట్టారు. స్టైలస్ లేకపోతే పేపర్ క్లిప్ సాపు చేసి వాడు, సూది మాత్రం వద్దు, మొన సన్నంగా ఉంటే లోపల స్విచ్ చెడుతుంది. మామూలు రీసెట్‌కి లేవకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని రీసెట్ నొక్కి వదులు, తర్వాత పవర్ వదులు. అంతా చెరిపెయ్యనా అని అడుగుతుంది, పైకి స్క్రోల్ చేసే బటన్ నొక్కితే సరే అన్నట్టు. నీ మెషీన్‌లో పోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి భయపడక్కర్లేదు.

ఇది కూడా అయ్యాక ఏమీ లేకపోతే సెల్స్ గది దగ్గరికి వద్దాం. మన వైపు గాలిలో చెమ్మ ఎక్కువ, గోపాలపూర్ నుంచి సోంపేట దాకా తీరం పొడవునా ఉప్పు గాలి, పర్లాకిమిడి కొంచెం లోపలికి ఉంది కాబట్టి నీకు కాస్త నయం. సెల్స్ లోపలే వదిలేసిన మెషీన్‌లో స్ప్రింగుల మీద ఏదో ఒకటి పేరుకుని ఉంటుంది. ఇక్కడ అందరూ ఒకే మందు చెప్తారు, నిమ్మరసం రుద్దు అని. అది సగం నిజం. కారింది ఏ రకం సెల్ అనేదాన్ని బట్టి మందు మారుతుంది. ఆల్కలైన్ సెల్ కారితే బయటికొచ్చేది క్షారం, అది గాలి తగిలి తెల్లటి పొడిలా గట్టిపడుతుంది. దీనికి నిమ్మరసం గానీ వెనిగర్ గానీ సరైనది, వేయగానే సన్నగా బుసబుసలాడుతుంది. అదే కిరాణా కొట్లో దొరికే చవక జింక్ కార్బన్ సెల్ కారితే వచ్చేది ఆమ్ల గుణం ఉన్న రసం, దాని మీద మళ్లీ నిమ్మరసం పోస్తే ఆమ్లానికి ఆమ్లం తోడైనట్టే. దానికి వంట సోడా నీళ్లలో కలిపి పట్టించాలి. నువ్వు తీసిన పాత సెల్స్ ఇంకా ఉంటే వాటి మీద ఆల్కలైన్ అని రాసుందో లేదో చూడు, సందేహం తీరిపోతుంది.

తడిపేది ఇయర్ బడ్‌తో, చుక్క చుక్కగా. గదిలో ధారగా పోయకు, సెల్స్ గది కిందే బోర్డు ఉంది. బుసలు ఆగాక మంచినీళ్లలో ముంచి పిండిన బడ్‌తో తుడువు, చివరగా ఐపీఏతో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, రెండు మూడు సార్లు తుడిచి ఒక పూట ఆరనివ్వు. స్ప్రింగుల మీద నికెల్ పూత పోయి నల్లబడితే సన్న ఎమరీ కాగితంతో మెరుపు వచ్చే వరకు రుద్దు. స్ప్రింగు ముట్టుకోగానే విరిగిపోతే పాత రిమోట్‌లోని స్ప్రింగు తీసి సోల్డర్ చేయొచ్చు, నేను ఎక్కువసార్లు చేసేది అదే. ఇక పచ్చటి చిలుము స్ప్రింగు వెనక వైర్ల గుండా బోర్డు మీదికి పాకి ఉంటే విప్పక తప్పదు. వెనక స్క్రూలు తీసి రెండు చిప్పలూ విడదీసేటప్పుడు గట్టిగా లాగకు, లోపల వైర్లు, రిబ్బన్‌లు ఉంటాయి. బోర్డు మీది చిలుముని ఐపీఏలో ముంచిన టూత్‌బ్రష్‌తో తోము, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి సెల్స్ కొస నుంచి బోర్డు దాకా దారి తెగలేదని చూసుకో. సోల్డరింగ్ అలవాటు లేకపోతే ఇక్కడ ఆగి, మీ ఊళ్లో ఫోన్ బోర్డులు చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లు. వాళ్లు రోజూ చేసే పనికంటే ఇది తేలిక, ఆ బోర్డు మీద భాగాలు ఇప్పటి ఫోన్‌తో పోలిస్తే చాలా పెద్దవి.

స్క్రీన్ వచ్చింది కానీ స్టైలస్ ఒక చోట నొక్కితే ఇంకో చోట పట్టుకుంటోంది, లేదా మొదట్లో వచ్చే గుర్తు మీద నొక్కించే పరీక్ష అయిపోకుండా మళ్లీ మళ్లీ అదే అడుగుతోంది అనుకో. ఇది చాలా మామూలు. అద్దానికీ ప్లాస్టిక్ అంచుకీ మధ్య ఏళ్ల తరబడి దుమ్ము దూరి టచ్ పొరని ఒక పక్క నొక్కుతూ ఉంటుంది. గట్టి కాగితం, అంటే విజిటింగ్ కార్డు లాంటిది, మొన అంచు సందులో దూర్చి నాలుగు వైపులా మెల్లగా లాగు. కార్డు మీద నల్లటి గీతలా మురికి వస్తుంది, అది రావడం ఆగే వరకు చెయ్యి. తర్వాత ప్రిఫరెన్సెస్‌లో డిజిటైజర్ అని ఉంటుంది, అక్కడ మళ్లీ సరిచేసుకో. విప్పకుండా అయ్యే పని ఇది.

సెల్స్ విషయంలో రెండు మాటలు. రెండు సెల్స్‌లో ఒక్కొక్కటీ మారిస్తే డేటా పోదు అని నెట్‌లో రాస్తుంటారు. రెండూ సీరీస్‌లో ఉన్నాయి, ఒకటి తీసినా కరెంటు దారి తెగినట్టే. మార్చే వేళ ర్యామ్‌ని నిలబెట్టేది లోపలున్న చిన్న కెపాసిటర్. కొత్తప్పుడు అది ఒక నిమిషం పాటు ఆగుతుందని కంపెనీ చెప్పేది. ఇరవై ఏళ్లు దాటిన కెపాసిటర్ మీద అంత నమ్మకం పెట్టుకోకు. కొత్త సెల్స్ చేతిలో పట్టుకుని, పాతవి తీసి, వెంటనే వేసెయ్యాలి. ముందు హాట్‌సింక్ చేసి మార్చేది ఇంకా మంచిది.

రెండో మాట, రీచార్జబుల్ సెల్స్. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ దీనికి బాగా సరిపోతాయి, కారే గొడవ కూడా తక్కువ. కానీ అవి ఒక్కోటి 1.2 వోల్టులే, ఆల్కలైన్ 1.5. అందుకని ఫుల్ చార్జి ఉన్నా మెషీన్ సెల్స్ అయిపోతున్నాయని గోల పెడుతుంది. దీనికి పామ్ లోపలే దాచిన మీట ఒకటుంది. స్క్రీన్ కింద రాసే చోట షార్ట్‌కట్ గుర్తు (కలిపి రాసే ఇంగ్లిషు ఎల్ లాంటి మెలిక) గీసి, చుక్క కోసం రెండు సార్లు టక్ టక్‌మని తాకి, 7 అంకె గీస్తే, ఆల్కలైన్ నుంచి నికాడ్‌కి, అంటే రీచార్జబుల్ రకానికి, మారినట్టు స్క్రీన్ మీద చూపిస్తుంది. అప్పటి నుంచి మీటర్ కాస్త నిజం చెప్తుంది. జాగ్రత్త, అదే చోట 7 బదులు 1 గానీ 2 గానీ గీస్తే ప్రోగ్రామర్ల కోసం పెట్టిన డీబగ్ మోడ్‌లోకి పోయి సీరియల్ పోర్టు తెరిచి కూర్చుంటుంది, సెల్స్ కాసేపట్లో ఖాళీ. అలా అయితే మామూలు రీసెట్ కొట్టు.

ఇప్పుడు కంప్యూటర్‌కి కలపడం. నీ క్రాడిల్‌కి వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ ప్లగ్ ఉండాలి. నీ లాప్‌టాప్‌లో ఆ పోర్టు లేదని బాధపడతావేమో కానీ, నిజానికి ఇదే నీకు కలిసొచ్చింది. తర్వాత వచ్చిన యూఎస్‌బీ పామ్‌లకి 64 బిట్ విండోస్‌కి పామ్ కంపెనీ యూఎస్‌బీ డ్రైవర్ ఇవ్వలేదు, వాటితో పడే తంటా చెప్పలేం. నీది సీరియల్ కాబట్టి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ ఒకటి కొంటే చాలు. ఎఫ్‌టీడీఐ కంపెనీ అసలు చిప్ ఉన్నది చూసి తీసుకో. చవక కేబుళ్లలో నకిలీ పీఎల్ 2303 చిప్పులు వస్తాయి, వాటిని కొత్త విండోస్ డ్రైవర్ గుర్తుపట్టి పనిచేయనని మొండికేస్తుంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో గానీ, కలకత్తా చాందినీ మార్కెట్‌లో గానీ అడిగితే దొరుకుతాయి. నాకైతే కలకత్తా వైపే ఎక్కువ, హౌరా బండి ఎలాగూ మా ఊరి మీదుగానే పోతుంది.

సాఫ్ట్‌వేర్‌కి నేను చేసేది, విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత లాప్‌టాప్ ఒకటి దీనికోసమే ఉంచుకున్నాను, అందులో పామ్ డెస్క్‌టాప్ 4.1. నెట్ కనెక్షన్ ఇవ్వను, ఎక్స్‌పీని ఇప్పుడు నెట్‌కి తగిలించకూడదు. నీ దగ్గర అలాంటిది లేకపోతే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపించే వర్చువల్ బాక్స్ ప్రోగ్రామ్‌లో ఎక్స్‌పీ వేసుకుని యూఎస్‌బీ కేబుల్‌ని లోపలికి అప్పగించొచ్చు. లినక్స్ అలవాటుంటే పామ్ డెస్క్‌టాప్ పనే చేసే జె-పైలట్ అన్నిటికంటే తేలిక, నీ యూజర్ పేరుని సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న డయలవుట్ గ్రూపులో చేర్చకపోతే పోర్టు తెరుచుకోదు, అంతే. హాట్‌సింక్ మధ్యలో తెగిపోతుంటే వేగం తగ్గించు, 57,600 దగ్గర ఆగిపోయేది 9,600 దగ్గర నిదానంగా అయినా పూర్తవుతుంది. క్రాడిల్ కాంటాక్టులు ఐపీఏతో తుడవడం మర్చిపోకు, కేబుల్ తప్పని నెలల తరబడి కొట్టుకుంటారు, అసలు తప్పు ఆ మురికిది.

మొదటి హాట్‌సింక్ అయ్యాక ఒక పరీక్ష చెయ్యి. పనికిరాని మెమో ఒకటి రాసి, సింక్ చేసి, కావాలనే హార్డ్ రీసెట్ కొట్టి, మళ్లీ సింక్ చేసి ఆ మెమో తిరిగొచ్చిందో లేదో చూడు. వస్తేనే అసలు విషయాలు రాయడం మొదలుపెట్టు. నా దగ్గర బాగుచేయించుకున్నవాళ్లు ఎవరైనా ఈ పరీక్ష నా ముందు చేస్తే గానీ మెషీన్ తీసుకెళ్లనివ్వను. టెన్షన్ వాళ్లది కాదు, నాది, నాలుగు నెలల తర్వాత అంతా పోయిందని వచ్చి కూర్చుంటారు.

వాడకం. తెలుగు అడిగావు. పామ్ ఓఎస్ తనంతట తాను తెలుగు అక్షరాలు చూపించదు, ఒడియా కూడా అంతే. వాట్సాప్‌లో చాలామంది రాసినట్టు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసుకోవడమే. పేర్లకీ సరుకుల లిస్టుకీ అది సరిపోతుంది, ఉత్తరాలూ కథలూ రాద్దామనుకుంటే ఈ మెషీన్ నీకు కాదు. మెమో ఒక్కోటి సుమారు 4 వేల అక్షరాలకి మించదు.

రాసే పద్ధతి గ్రాఫిటీ. స్క్రీన్ మీద కీబోర్డు కూడా ఉంది కానీ దాన్ని వాడితే సరదా పోతుంది. ఒక్కో అక్షరాన్నీ పుల్ల ఎత్తకుండా ఒకే గీతలో రాయాలి. ఎ అంటే అడ్డగీత లేని గోపురం, టి అంటే అడ్డంగా గీసి కిందికి దిగడం, వి చివర కుడి పక్కకి చిన్న తోక పెట్టకపోతే అది యు అనుకుంటుంది. ఎడమ పక్క అక్షరాలు, కుడి పక్క అంకెలు, ఈ రెండూ కలిపి గీస్తే చెత్త వస్తుంది. వారం రోజులు తిట్టుకుంటావు, తర్వాత స్క్రీన్ చూడకుండా రాస్తావు. కొనకముందు నేర్చుకుందామనుకునేవాళ్లకి బ్రౌజర్‌లోనే పామ్‌ని నడిపించే క్లౌడ్‌పైలట్ అనే ఎమ్యులేటర్ ఉంది. నీకు మెషీనే ఉంది కాబట్టి అవసరం లేదు. పాత ప్రోగ్రాములు కావాలంటే పామ్‌డీబీ అనే భాండాగారంలో ఉన్నాయి. ఊరికే ఊరించే ఆటలు పది ఎక్కించకు, ఒక డేటాబేస్ ప్రోగ్రామ్, ఒక పుస్తకాలు చదివేది, చాలు.

ఈ మెషీన్ దేనికి బాగుంటుందో చెప్పాలంటే పలాసలో నాకు తెలిసిన జీడిపిక్కల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. పిక్కలు 80 కిలోల బస్తాల లెక్కన కొంటారు, ఒక్కో రైతు ఎన్ని బస్తాలు వేశాడు, ఎంత అడ్వాన్సు తీసుకున్నాడు, తేమ ఎలా ఉంది, ఇవన్నీ అక్కడికక్కడ రాసుకోవాలి. జీడి రసం చేతికి అంటితే చర్మం పొక్కుతుంది, అందుకని గ్లౌజులు వేసుకునో, నూనె రాసుకునో పనిచేస్తారు. ఆ చేతులతో ఫోన్ టచ్ పనిచేయదు. పామ్‌ది ఒత్తిడితో పనిచేసే స్క్రీన్, గ్లౌజు ఉన్నా, గోరు తగిలినా, పుల్లతో గీసినా ఒకటే. ఎర్రటి ఎండలో కూడా స్క్రీన్ కనిపిస్తుంది, ఎందుకంటే వెనక దీపం లేకుండా బయటి వెలుతురుతోనే చదవొచ్చు. ఆయన దానికి రబ్బరు బ్యాండు కట్టి, తూకం కాటా పక్కన మేకుకి వేలాడదీశాడు. రాత్రి ఇంటికెళ్లాక మనవడు హాట్‌సింక్ చేస్తాడు. చూస్తే నవ్వొస్తుంది కానీ ఆ పనికి అంతకంటే మంచి సామాను నేనూ చెప్పలేను.

ఇక నా సంగతి. షాపులో అప్పు ఖాతా, విడిభాగాల లిస్టు, ఎవరి ఫోన్ ఎప్పుడిస్తానన్నానో ఆ తేదీలు, ఇవే. నాకు దీని విలువ తెలిసొచ్చింది 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు. కరెంటు స్తంభాలు ఒరిగిపోయి రోజుల తరబడి దీపం లేదు, ఫోన్లన్నీ చచ్చాయి, జనరేటర్ ఉన్నచోట చార్జింగ్ కోసం క్యూలు. పామ్ మాత్రం అవే రెండు సెల్స్ మీద నడుస్తూ ఉంది, ఫోన్ నంబర్లన్నీ అందులో ఉన్నాయి కాబట్టి ఎవరి ఫోనో దొరికినప్పుడు చూసి డయల్ చేసేవాళ్లం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో నాకంటే నీకే బాగా తెలుసు. అలాంటి రోజుకి ఇంటి నంబర్లు కాగితం మీదైనా, దీనిలోనైనా ఉండాలి. బ్యాక్‌లైట్ ఎక్కువ వెయ్యకుండా ఉంటే మామూలు వాడకంలో సెల్స్ వారాల తరబడి వస్తాయి.

పెట్టకూడనివి కూడా చెప్తాను. బ్యాంకు పాస్‌వర్డులు, ఆధార్ వివరాలు పెట్టకు. ఇందులో పాస్‌వర్డు పెట్టుకునే ఏర్పాటు ఉంది కానీ అది ఆ కాలం తలుపు గొళ్లెం, నెట్టితే ఊడుతుంది. ఇంకోటి, ఈ మెషీన్ క్యాలెండర్ 2031 డిసెంబరు 31తో ఆగిపోతుంది. తేదీలో ఏడాది కోసం 7 బిట్లే కేటాయించారు, 1904 నుంచి లెక్కపెడతారు, 127 ఏళ్లు దాటితే చోటు లేదు. ఎల్ఐసీ పాలసీ గడువులు దీనిలో రాసుకుంటే సగం ఎక్కించలేవు. 2031 తర్వాత మెమోలూ అడ్రసులూ వాడుకోవచ్చు, క్యాలెండర్‌ని మాత్రం మర్చిపోవాలి.

ఫోన్ చూడటం తగ్గించుకోవడానికి ఇది సాయం చేస్తుందా అన్నావు. కొంత చేస్తుంది. నంబరు చూద్దామని ఫోన్ తీసి అరగంట రీల్స్ చూసే అలవాటు ఉన్నవాడికి, నంబరు చూసి మూసేసే మెషీన్ మంచిదే. దీన్ని తయారుచేసిన జెఫ్ హాకిన్స్ మొదట చొక్కా జేబులో పట్టేంత చెక్క ముక్క ఒకటి చెక్కించుకుని, అదే కంప్యూటర్ అన్నట్టు మీటింగుల్లో తీసి దాని మీద రాస్తున్నట్టు నటించేవాడట. జేబులోంచి తీయడం, చూడటం, పెట్టేయడం, ఈ మూడింటి కోసమే 1996లో పైలట్ అనే మొదటి మోడల్ వచ్చింది. నీదాంట్లో ఉన్నది 16 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసర్, అయినా బటన్ నొక్కగానే అడ్రస్ బుక్ వస్తుంది, నా కొత్త ఫోన్‌లో కాంటాక్ట్స్ తెరుచుకోవడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. కానీ యూపీఐ, ఓటీపీ, బండి టికెట్టు ఇవన్నీ ఎలాగూ ఫోన్‌లోనే, కాబట్టి ఫోన్ ఇంట్లో వదిలేసి తిరుగుతానని కలలు కనకు.

నీకు ఇది నచ్చి ఇంకోటి కొందామనిపిస్తే, లోపల లిథియం బ్యాటరీ ఉన్నవాటి జోలికి మొదట్లో పోకు. పామ్ ఫైవ్ చూడటానికి చాలా అందంగా ఉంటుంది, సన్నగా, లోహపు ఒంటితో. కానీ దాన్ని జిగురుతో అతికించారు, వేడి గాలి పెట్టి విడదీయాలి, బ్యాటరీ మార్చాలి, మళ్లీ అతికించాలి. టంగ్‌స్టన్ ఈ కూడా ఇదే జాతి, బ్యాటరీ చచ్చిందంటే డేటా కూడా పోయినట్టే. ఎం100, ఎం105 లాంటివి సన్న సెల్స్‌తో నడుస్తాయి, వాటితో పని తేలిక. సైయాన్ 5ఎంఎక్స్ అని కీబోర్డు ఉన్నది ఒకటి ఉంది, దాని కీబోర్డు మీద టైప్ చేసినవాడు ఇంకే చిన్న కీబోర్డునీ మెచ్చుకోడు. అయితే మూత తెరిచి మూసి తెరిచి మూసి స్క్రీన్‌కి వెళ్లే రిబ్బన్ కేబుల్ మడత దగ్గర చిట్లుతుంది, స్క్రీన్ మీద గీతలు పడతాయి. ఆ కేబుల్ మార్చడం ఓపిక ఉన్నవాళ్ల పని. అమ్మేవాడు మూత సగం తెరిచి ఫోటో పెడితే అనుమానించు, పూర్తిగా తెరిచి, మూసి, మళ్లీ తెరిచిన వీడియో అడుగు.

చివరగా అమ్మకం. పెద్ద డబ్బు రాదు, ఆశ పెట్టుకోకు. 2010లో పామ్ కంపెనీనే హెచ్‌పీ కొనేసింది, ఆ పేరు మీద ఇప్పుడు సర్వీసు చేసేవాళ్లు ఎవరూ లేరు, కొనేది నాలాంటి పిచ్చివాళ్లే. ఒంటి మెషీన్ కంటే క్రాడిల్, స్టైలస్, ముందు మూత అన్నీ ఉన్న సెట్టుకే ధర. క్రాడిల్ విడిగా అమ్మమని ఎవరైనా అడిగితే ఇవ్వకు, అది పోయాక మిగిలింది ఎవరూ కొనరు. పార్సిల్ చేసే ముందు ఎవరివైనా నంబర్లు ఎక్కించి ఉంటే హార్డ్ రీసెట్ కొట్టి, సెల్స్ తీసి విడిగా చుట్టి, స్క్రీన్ మీద గట్టి అట్ట పెట్టి పంపు.